పదికి నాలుగు మార్కులు: ప్రాథమిక తరగతుల తెలుగు పరీక్ష పేపర్లు తయారుచేసే పెద్దలకు ఒక టీచరు బహిరంగ లేఖ

పెద్దలకు నమస్కారం.

నేను ఇరవై రెండేళ్ళుగా ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతున్నాను. ఎక్కువగా నాలుగు, ఐదు తరగతులకే. విజయవాడలో బుడమేరు వాగుకు దగ్గరగా ఉన్న పేటల పిల్లలు మా బడికి వస్తారు. ఈ లేఖ రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. కూర్చున్నప్పుడల్లా చేయి ఆగిపోయేది. ఎందుకంటే ఇందులో మొదట చెప్పాల్సిన తప్పు నాదే. ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మా పిల్లలు తమ పుట్టినరోజు తేదీ తడుముకుంటారేమో కాని ఆ తేదీ తడుముకోరు. బుడమేరుకు గండ్లు పడి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం వైపు పేటలన్నీ నీళ్ళలో మునిగాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారింది. మా పిల్లల్లో చాలామంది రోజుల తరబడి డాబాల మీదే ఉన్నారు. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు తెచ్చిన అన్నం పొట్లాలు మిగతా ఊళ్ళవాళ్ళు టీవీలో చూశారు. మా పిల్లలు తలెత్తి చూశారు. ఆ వారం చివర్లో వచ్చిన వినాయక చవితి బురదలోనే వెళ్ళిపోయింది. బడి తెరిచాక కూడా కొంతమంది పిల్లలు వాన చినుకు పడితే చాలు, కిటికీ వైపే చూస్తూ కూర్చునేవాళ్ళు.

తర్వాత అర్ధసంవత్సర పరీక్షలు వచ్చాయి. ఐదో తరగతి తెలుగు పేపరులో పది మార్కులకు ఒక ప్రశ్న: ‘వరదలు – వాటి వల్ల కలిగే నష్టాలు’ గురించి వ్యాసం రాయండి. ఆ పేపరు ఎవరు తయారుచేశారన్నది ఇక్కడ అనవసరం. ఎవరు చేసినా అలాగే ఉండేది. ఇరవై రెండేళ్ళలో నేను చూసిన పేపర్లన్నీ దాదాపు అలాగే ఉన్నాయి.

ఒక అబ్బాయి ఇలా రాశాడు. తప్పులు సరిచేసి చెబుతున్నాను. “శనివారం వాన ఆగలేదు. నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. నాన్న ఆటో తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టి నడుచుకుంటూ వచ్చాడు. మా నానమ్మ మెట్లు ఎక్కలేదు. నాన్న, పక్కింటి మామయ్య కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. డాబా మీద పదకొండు మందిమి ఉన్నాం. కరెంటు లేదు. రాత్రి కప్పలు బాగా అరిచాయి. హెలికాప్టర్ వస్తే అమ్మ చీర ఊపింది. పొట్లం మా డాబా మీద పడలేదు, నీళ్ళల్లో పడింది. నీళ్ళు తీశాక నా పుస్తకాలు అతుక్కుపోయాయి. తెలుగు పుస్తకం ఒక్కటి మాత్రం కొంచెం వచ్చింది.”

అంతే. అక్కడితో ఆపేశాడు.

దిద్దడానికి మా దగ్గరున్న జవాబు సూచికలో ఐదు అంశాలున్నాయి: నిర్వచనం, కారణాలు, నష్టాలు, నివారణ చర్యలు, ముగింపు. ఒక్కోదానికి రెండు మార్కులు. ఈ జవాబులో నిర్వచనం లేదు. నివారణ లేదు. ముగింపు లేదు. వాన ఆగలేదన్నాడు కాబట్టి కారణం కింద రెండు వేశాను. పుస్తకాలు పోయాయన్నాడు కాబట్టి నష్టం కింద రెండు వేశాను. మొత్తం నాలుగు. ‘నీళ్ళు’ అని రాయాల్సిన ప్రతిచోటా ‘నీల్లు’ అని రాశాడు. ప్రతిదాని కిందా ఎర్రగీత గీశాను.

ఆ కట్టలోనే ఒక అమ్మాయి పేపరు ఉంది. “వరదలు ప్రకృతి వైపరీత్యాలలో ముఖ్యమైనవి. అధిక వర్షపాతము వలన నదులు పొంగి వరదలు సంభవించును. వరదల వలన ప్రాణనష్టము, ఆస్తినష్టము, పంటనష్టము జరుగును. అంటువ్యాధులు ప్రబలును. కావున మనమందరము చెట్లను పెంచి వరదలను నివారించవలెను.” ఒక్క ఒత్తు తప్పలేదు. ముత్యాల్లాంటి అక్షరాలు. పదికి పది వేశాను.

ఆ అమ్మాయిదీ ఆ అబ్బాయి ఉండే వీధే.

మార్కులు చెప్పిన రోజు మధ్యాహ్న భోజనం దగ్గర ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. మీ ఇంట్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయమ్మా అని ఊరికే అడిగాను. అన్నం చల్లారిపోయేదాకా చెప్పింది. సజ్జ మీద పెట్టిన బియ్యం డబ్బా ఎట్లా దించారో చెప్పింది. చంటి తమ్ముడికి పాలు దొరక్క వాళ్ళమ్మ ఏం చేసిందో చెప్పింది. నాలుగిళ్ళ అవతల డాబా మీద ఉన్న వాళ్ళ అత్తకు ఎలా కేకలేసి మాట్లాడేదో చెప్పింది. నీళ్ళు తగ్గాక గోడ మీద మిగిలిన చార తన మెడ దాకా ఉందని చేత్తో చూపించింది. ఇదంతా పరీక్షలో ఎందుకు రాయలేదమ్మా అన్నాను. ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయి, “అది పరీక్షలో రాయొచ్చా టీచర్?” అంది.

రాయొచ్చమ్మా అన్నాను. ఆ మాట అన్నాక నాకు నిద్ర పట్టలేదు. రాస్తే నాలుగే వస్తాయని నాకు తెలుసు. వేసింది నేనే. ‘రాయొచ్చు’ అని నేను తరగతిలో చెబితే సరిపోదు. ఆ మాట పేపరులోనూ, జవాబు సూచికలోనూ ఉండాలి. అవి రెండూ మీ చేతుల్లో ఉన్నాయి. అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను.

ప్రాథమిక తరగతుల్లో వ్యాసం ఎలా నేర్పుతున్నామో మీకు తెలియనిది కాదు. మీలో చాలామంది ఒకప్పుడు మాలాగే బోర్డు దగ్గర నిలబడినవాళ్ళే. పాఠం అయిపోయాక బోర్డు మీద వ్యాసం రాస్తాం. పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుంటారు. ఇంటి దగ్గర నేర్చుకొస్తారు. మర్నాడు అప్పజెప్పించుకుంటాం. బోర్డు మీద రాసే ఓపిక లేనినాడు గైడు ఉంది. దీంట్లో వ్యాసం రాసింది ఎవరు? గైడు రాసినాయన ఒక్కడే. మిగిలినవాళ్ళం అందరం చూచిరాత చేశాం. దీనికి మనం ‘స్వీయరచన’ అని పేరు పెట్టాం. విద్యాప్రమాణాల్లో ఆ మాట స్పష్టంగా ఉంది. స్వీయ అంటే తనది. నలభై మంది నోట్సుల్లో ఒకే వ్యాసం ఒకే చోట పేరా మారి కనిపిస్తే అది ఎవరి స్వీయం?

మన అందరి నోటా ఉన్న ఆవు వ్యాసం సంగతే చూడండి. ‘ఆవు సాధు జంతువు. దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక ఉండును. ఆవు పాలు ఇచ్చును.’ బెజవాడ రోడ్ల మీద ఆవులు కనపడని రోజు లేదు. డివైడర్ మీద పడుకుంటాయి, కూరగాయల బండి మీద మూతి పెడతాయి, ట్రాఫిక్ పోలీసు ఎంత అదిలించినా కదలవు. మా తరగతిలో ప్రతి పిల్లవాడికీ ఆవుతో సొంత అనుభవం ఒకటి ఉంటుంది. అది వ్యాసంలోకి రాదు. ‘ఉండును’, ‘ఇచ్చును’ మాత్రం వస్తాయి. ఆ పిల్లవాడు ఇంట్లో గాని వీధిలో గాని పుట్టి ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనని మాటలు అవి.

గిడుగు రామమూర్తి పంతులుగారు తన జీవితమంతా పోరాడింది ఇందుకోసమే. మనుషులు మాట్లాడే తెలుగు బడిలోకి, రాతలోకి రావాలని. 1863 ఆగస్టు 29న పుట్టిన ఆయన పేరు మీద మనం ఏటా తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. 2024లో కూడా చేసుకున్నాం. వరదకు సరిగ్గా మూడు రోజుల ముందు. మా పిల్లలు ఆయన గురించి వ్యాసం బట్టీపట్టి చక్కగా చెప్పారు. అది నేను రాసిచ్చిన వ్యాసమే. ఆయన కోరిన తెలుగు మాత్రం మూడు రోజుల తర్వాత డాబాల మీద నుంచి డాబాల మీదికి కేకలై వినపడింది. దాన్ని నేను పరీక్ష పేపరులో గుర్తుపట్టలేకపోయాను.

నలుగురికి ఉపయోగపడుతుందేమోనని, ఆ తర్వాత నా తరగతిలో ఏం మార్చానో కొంచెం వివరంగా చెబుతాను.

మొదట చేసింది, రాయించడం ఆపి మాట్లాడించడం. ‘వరద గురించి చెప్పండి’ అంటే మళ్ళీ ప్రకృతి వైపరీత్యాలే వచ్చాయి. అందుకని ప్రశ్న చిన్నది చేశాను. మీ ఇంట్లో గోడ మీద చార ఎంత ఎత్తున ఉంది? కొలుచుకుని రండి. టేపు లేనివాళ్ళు జానలతో కొలవండి. మర్నాడు తరగతి గది దద్దరిల్లింది. ఒకడికి తొమ్మిది జానలు, ఒకడికి వాళ్ళ అన్న భుజం దాకా, ఒకమ్మాయికి దేవుడి పటాల మేకు దాకా. ఏడాదంతా నోరు విప్పని పిల్ల ఒకతె లేచి తమ ఇంట్లో చార రెండు వరుసలుగా ఉందని చెప్పింది. నీళ్ళు ఒకసారి తగ్గి మళ్ళీ పెరిగాయట. ఆ సంగతి ఏ గైడులోనూ లేదు.

ఆ మాటల్లోంచి వచ్చిన పదాలు బోర్డు మీద రాశాను. సజ్జ, చార, డాబా, బోటు, బురద, పొట్లం, తాడు, టార్చిలైటు. వాళ్ళ మాటలే. వాటికి ఒత్తులు, దీర్ఘాలు ఎలా రాయాలో అప్పుడే చూపించాను. తమకు కావాల్సిన మాట కాబట్టి చూసి రాసుకున్నారు. చార గురించి మూడే మూడు వాక్యాలు రాయమన్నాను. మూడో తరగతి పిల్లలకైతే ఆ మూడు వాక్యాలే వ్యాసం. నాలుగుకు ఒక పేరా చాలు. ఐదులో రెండు మూడు పేరాలు వస్తే పండగే. ఈ వరుస తప్పించి మొదటిరోజే పేజీన్నర రాయమంటే పిల్లవాడు గైడు వైపు చూడక ఇంకెటు చూస్తాడు?

ఇక్కడ ఒక సంగతి మీ దృష్టికి తేవాలి. తెలుగు రాత చిన్న చేతికి తేలిక కాదు. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, వాటి మీద మళ్ళీ గుణింతాలు. ‘స్త్రీ’ అని రాయడానికి అవస్థపడే పిల్లవాడు ఆ అక్షరం పూర్తయ్యేలోపు తాను చెప్పబోయే సంగతి మరిచిపోతాడు. వాడికి చెప్పడానికేమీ లేదని మనం అనుకుంటాం. అలాంటి పిల్లలను ముగ్గురిని దగ్గర కూర్చోబెట్టుకుని, నువ్వు చెప్పు నాన్నా, నేను రాస్తాను అన్నాను. చెప్పింది చెప్పినట్టు రాశాను. తన మాటలు కాగితం మీద చూసుకున్నాక దాన్ని వాడే చూసి రాశాడు. అది కూడా చూచిరాతే. కాని ఈసారి వాడు చూసి రాసింది తన మాటలే. రెండు వారాలు అలా చేశాక ఆ ముగ్గురిలో ఇద్దరు సొంతంగా నాలుగేసి వాక్యాలు రాశారు. మూడోవాడికి ఇంకా సమయం పట్టింది.

పేరా అంటే ఏమిటో చెప్పడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. ‘విషయం మారినప్పుడు పేరా మార్చాలి’ అని ఏళ్ళ తరబడి చెప్పాను, ఎవరికీ ఎక్కలేదు. ఈసారి పాత పరీక్ష కాగితాలను చిన్న ముక్కలుగా కత్తిరించి ఇచ్చాను. ఒక్కో ముక్క మీద ఒక్క వాక్యమే రాయాలి. ఆ ముక్కలు నేల మీద పరిచి, ఒకే సంగతి చెప్పేవి ఒక కుప్ప పెట్టమన్నాను. నీళ్ళు వచ్చినప్పటివి ఒకచోట, డాబా మీదవి ఒకచోట, తిరిగి ఇంట్లోకి దిగాక జరిగినవి ఒకచోట. ఒక్కో కుప్ప ఒక్కో పేరా అయింది. ఏ కుప్పలోనూ చేరని ముక్క ఒకటి మిగిలితే, దాన్ని తీసేయాలా ఇంకో నాలుగు వాక్యాలు కలపాలా అని వాళ్ళే తగువు పడ్డారు. ఆ తగువు విన్నరోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పదేళ్ళ పిల్లలు వ్యాసం కట్టే పద్ధతి గురించి వాదించుకుంటున్నారు!

దిద్దడం కూడా మార్చాను. రాసింది ముందు నాకు కాదు, పక్కన కూర్చున్న పిల్లకో పిల్లవాడికో చదివి వినిపించాలి. విన్నవాళ్ళు తప్పులు చెప్పకూడదు, ఒక ప్రశ్న అడగాలి. ‘మీ పిల్లి ఏమైంది?’, ‘అన్నం లేకపోతే ఏం తిన్నారు?’ అని అడుగుతారు. జవాబు మర్నాడు రెండో చిత్తులో కలుపుతారు. ఎర్ర పెన్ను పట్టుకుని నేనేళ్ళుగా రాబట్టలేనిది ఆ ఒక్క ప్రశ్న రాబట్టింది. అక్షరదోషాలు వదిలేయలేదు. ఒకసారికి ఒకటే రకం చూస్తాను. ఈ వారం ‘ల్ల’, ‘ళ్ళ’ మాత్రమే. పల్లెలోది ఏది, నీళ్ళలోది ఏది అని వాళ్ళే వెతుక్కుంటారు. అన్నీ ఒకేసారి ఎర్రగీతలు పెడితే పిల్లవాడు చూసేది గీతల లెక్కే.

పిల్లలకు సమాచారం రావద్దా, ఎప్పుడూ మా ఇల్లు మా వీధి అంటూ ఉంటే ఎలా అని మా తోటి టీచర్లే అడిగారు. సరైన ప్రశ్నే. సమాచారం వచ్చింది. పిల్లలే అడిగి తెప్పించుకున్నారు. బుడమేరు ఎక్కడి నుంచి వస్తుంది టీచర్ అన్నారు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోతుందని మ్యాపులో చూపించాను. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉందని, అక్కడి నుంచి కొంత నీటిని కృష్ణలోకి మళ్ళించే కాలువ ఉందని చెప్పాను. కాసేపు మ్యాపు చూసి ఒకడు అన్నాడు, “కొల్లేరుకు పోవాల్సిన నీళ్ళు మా ఇంటికెందుకొచ్చాయి?” నిర్వచనం, కారణాలు, నివారణ అని మీ సూచికలో ఉన్నవన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. ఏటి దారిలో ఇళ్ళు, గట్టు బలం, కాలువ వెడల్పు, అన్నీ మాట్లాడుకున్నాం. ‘చెట్లు పెంచవలెను’ అన్న ముగింపు ఆ రోజు ఒక్కరి నోటా రాలేదు.

వరద ఒక్కటే కాదు. ఏ అంశమైనా ఇంతే. ‘దసరా’ అని ఇస్తే ‘దసరా హిందువుల ముఖ్యమైన పండుగ’ అని మొదలవుతుంది. ఇంద్రకీలాద్రి కింద పెరిగిన పిల్లలు వీళ్ళు. మూలా నక్షత్రం రోజు క్యూలో తప్పిపోయిన పిల్లవాడున్నాడు. కొండ కింద పూలమ్మే తల్లికి చిల్లర లెక్కపెట్టే పిల్ల ఉంది. ఎర్రబట్టల భవానీలకు మంచినీళ్ళు పంచినవాళ్ళున్నారు. మా తరగతిలో మస్తాన్ దర్గాకు వెళ్ళే పిల్లలున్నారు, ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు కొండెక్కే పిల్లలూ ఉన్నారు. ‘ఏదైనా ఒక పండగ రోజు నువ్వు ఎక్కడున్నావు, ఏం చేశావు’ అని అడిగితే వీళ్ళందరికీ చెప్పడానికి ఉంటుంది. ఇంగ్లీషు పేపరులోనూ ఇదే బాధ. ‘మై మదర్’ మీద పది వాక్యాలు నలభై మందివీ ఒకటే. అందరి తల్లులూ ఒకేలా ఉదయం ఐదింటికి లేచి ఒకే పని చేస్తారు. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

తల్లిదండ్రుల వైపు నుంచి మాకు టెన్షన్ తక్కువేమీ కాదు. “టీచరుగారూ, మావాడి నోట్సులో కొట్టివేతలేంటండీ, పక్క బడి పిల్లల నోట్సు చూడండి ఎంత నీటుగా ఉందో” అని ఒక తండ్రి వచ్చాడు. కొట్టివేత ఉన్న పేజీ, తర్వాత రాసిన పేజీ పక్కపక్కన పెట్టి చదివించాను. రెండోది చదువుతూ ఆయన ఆగిపోయాడు. తన ఆటో సంగతి కొడుకు రాశాడని ఆయనకు తెలియదు. తనిఖీకి వచ్చేవారికి మాత్రం అలా చదివి వినిపించే సమయం దొరకదు. నోట్సులో ఎన్ని వ్యాసాలున్నాయి, ప్రతి పేజీకీ టిక్కు, సంతకం, తేదీ ఉన్నాయా అని చూసి వెళ్ళిపోతారు. ఒక్కరే టీచరై ఐదు తరగతులూ చూసుకునే బడుల్లో పనిచేసేవారికి ఈ లెక్క ఎంత భారమో నాకు తెలుసు. వాళ్ళు బోర్డు మీద రాసి ఎక్కించుకోమనడంలో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ లెక్కకు వేరే దారి లేదు.

చదవడం గురించి ఈమధ్య చాలా పట్టింపు వచ్చింది, అందుకు సంతోషం. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వేవాళ్ళు ఇంటింటికీ వెళ్ళి రెండో తరగతి పాఠం చదివించి చూస్తారు. ఆ లెక్కలు పేపర్లలో వస్తాయి, మీటింగుల్లో చర్చిస్తాం. సొంతంగా రెండు వాక్యాలు రాయగలడా అని మాత్రం ఎవరూ కొలవడం లేదు. కొలిచేది ఒక్క పరీక్షే. ఆ పరీక్ష కొలిచేది జ్ఞాపకశక్తిని.

నేను అడిగేది కొత్తది కాదు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 29లో ఉన్నదే. పిల్లలను భయం, ఆందోళన నుంచి దూరం చేసి తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పుకునేలా చేయాలని, విషయాన్ని ఎంత అర్థం చేసుకున్నారో, దాన్ని ఎంత ఉపయోగించగలరో మూల్యాంకనంలో చూడాలని ఆ సెక్షన్ చెబుతుంది. బట్టీ విధానం నుంచి బయటపడాలని, చదువును బడి బయటి జీవితంతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం చెప్పింది. చట్టంలో ఉన్న ఆ మాట పది మార్కుల ప్రశ్న దాకా దిగి రావాలి.

అందుకు చేయాల్సింది చాలా చిన్నది. ప్రశ్నలో ‘నువ్వు’ అన్న మాట పెట్టండి. ‘వరదల వల్ల నష్టాలు’ అనే బదులు ‘వాన ఎక్కువగా పడిన ఒక రోజు నువ్వు ఏం చూశావో రాయి’ అనండి. అది బెజవాడ పిల్లవాడూ రాయగలడు, అనంతపురం పిల్లవాడూ రాయగలడు, గైడు మాత్రం రాయలేదు. ఒకటికి రెండు అంశాలిచ్చి నచ్చింది రాసుకోనివ్వండి. జవాబు పత్రంలో ఒక పేజీ చిత్తుకు వదలండి. ఆ పేజీ ఎలా ఉన్నా మార్కులు తగ్గవని పైనే అచ్చు వేయండి.

జవాబు సూచికలో నిర్వచనం, ముగింపు తీసేయండి. ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అన్నవి హైస్కూలుకు వెళ్ళాక నేర్చుకుంటారు. వాటికి ముందు లోపల పెట్టడానికి సరుకు ఉండాలి కదా. పదిలో ఆరు మార్కులు ‘ఈ పిల్లవాడు తప్ప ఇంకెవరూ రాయలేని సంగతులు ఇందులో ఉన్నాయా’ అన్నదానికి కేటాయించండి. రెండు, ఒకదాని తర్వాత ఒకటి అర్థమయ్యేలా చెప్పాడా అన్నదానికి. ఒత్తులకీ దీర్ఘాలకీ కలిపి రెండు చాలు. ఇంటి యాస రాతలోకి వస్తే దాన్ని తప్పుగా లెక్కగట్టవద్దని ఒక్క వాక్యం చేర్చండి. ‘వచ్చినాయి’ అని రాసిన పిల్లవాడు ‘వచ్చాయి’ అని తర్వాత నేర్చుకుంటాడు. ‘సంభవించెను’ అని రాసిన పిల్లవాడిని వెనక్కి తీసుకురావడం కష్టం.

ఇలా మార్కులు వేస్తే ఒక్కో టీచరు ఒక్కోలా వేస్తారన్న భయం మీకు ఉంటుంది. దానికి చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగు ఉంది. పరీక్షలు కాగానే పేర్లు తీసేసి నాలుగు జవాబులు అక్కడ చదువుదాం. అందరం విడివిడిగా మార్కులు వేసి, ఎందుకు వేశామో చెప్పుకుందాం. ఒక గంట పని. ఇరవై రెండేళ్ళలో పిల్లవాడు రాసిన ఒక్క వ్యాసాన్ని పదిమంది టీచర్లం కలిసి చదివిన సందర్భం నాకు గుర్తులేదు.

ఆ అబ్బాయి ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. మొన్న రోడ్డు మీద వాళ్ళ నాన్న ఆటోలోంచి నన్ను చూసి చెయ్యూపాడు. నేను వాడికి వేసిన నాలుగు మార్కులు రికార్డులో అలాగే ఉన్నాయి. వాటిని ఇప్పుడు మార్చే వీల్లేదు.

మీ కార్యాలయానికి పోస్టులో పంపుతున్న ప్రతితో పాటు ఆ రెండు జవాబుల జిరాక్సు కాపీలు జతచేశాను. పేర్లు, రోల్ నంబర్లు, నా ఎర్రగీతలు, మార్కులు కనపడకుండా కాగితం అంటించి తీయించాను. రెండూ చదవండి. మీరైతే దేనికెన్ని వేస్తారో వెనక పెన్సిల్‌తో రాసి మా బడికి తిప్పి పంపండి. వచ్చే పేపరు తయారయ్యేలోపు అందితే చాలు.

ఇట్లు,
విజయవాడలోని ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు